లారీ మీద సుంకం - భారం ఎవరి మీద?



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు కోరారు. 2025 సంవత్సరమంతా పేపర్లలో, టీవీల్లో ఎక్కువగా వినిపించిన మాట "దిగుమతి సుంకం". డిగ్రీ ఎకనామిక్స్ చదివేవారికి, గ్రూప్స్‌కు తయారయ్యేవారికి ఇది తెలిసిన అంశమే. నిర్వచనం బట్టీ పడితే రెండు మార్కులు వస్తాయి. కానీ ఆ సుంకం ఎవరి జేబులోంచి పోతుంది, ఎవరికి పని దొరుకుతుంది, ఎవరి పని పోతుంది అన్నది తెలియాలంటే ఏదో ఒక వస్తువును పట్టుకొని చివరిదాకా వెళ్ళి చూడాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మాతోనే మొదలు. ఇలాంటివి ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు మాకు లేదు, మీలో చాలామందికీ ఉండదు. కాబట్టి మొదటి మెట్టు నుంచే చెబుతాం.

వస్తువుగా లారీని తీసుకున్నాం. మన హాస్టల్ పిల్లల ఇళ్ళలో లారీతో సంబంధం లేని ఇల్లు తక్కువ. డ్రైవరుగానో, క్లీనరుగానో, హమాలీగానో, ఆటోనగర్‌లో వెల్డరుగానో ఎవరో ఒకరు ఉంటారు.

1. సుంకం అంటే ఏమిటి? ఎవరు కడతారు?

ఒక దేశంలోకి వచ్చే విదేశీ వస్తువు మీద ఆ దేశ ప్రభుత్వం వేసే పన్నే దిగుమతి సుంకం. దీన్ని ఇంగ్లీషులో టారిఫ్ అంటారు. వస్తువు విలువలో ఇంత శాతం అని లెక్క కడతారు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఆ సుంకాన్ని ఓడరేవులో కట్టేది వస్తువు పంపిన విదేశీయుడు కాదు, దాన్ని తెప్పించుకున్న స్వదేశీ కంపెనీ. "విదేశాల చేత కట్టిస్తున్నాం" అని నాయకులు అన్నా, కస్టమ్స్ రసీదు మీద ఉండేది దిగుమతిదారు పేరే. అలాగని భారమంతా అతని మీదే ఉండిపోదు. అమ్మిన కంపెనీ తన ధర కొంత తగ్గించవచ్చు. దిగుమతిదారు తన లాభం కొంత తగ్గించుకోవచ్చు. మిగిలినది కొనేవాడి మీద పడుతుంది. ఎవరి వాటా ఎంత అన్నది, కొనేవాడికి వేరే దారి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ప్రభుత్వాలు సుంకం వేయడానికి ముఖ్య కారణాలు మూడు. ఖజానాకు ఆదాయం రావడం, స్వదేశీ పరిశ్రమకు రక్షణ ఇవ్వడం, ఇతర దేశాలతో బేరసారాలలో ఒత్తిడి పెట్టడం. ఒకే సుంకం ఈ మూడింటినీ పూర్తిగా సాధించలేదు. దిగుమతులు నిజంగా ఆగిపోతే ఆదాయం ఉండదు. ఆదాయం బాగా వస్తోందంటే దిగుమతులు ఆగలేదన్న మాట.

2. 2025లో అమెరికా ఏం చేసింది?

అమెరికాలో సరకు రవాణాలో, బరువు లెక్కన చూస్తే, 70 శాతానికి పైగా లారీల మీదే సాగుతుంది. అక్కడ 1962లో చేసిన వాణిజ్య విస్తరణ చట్టంలో 232వ సెక్షన్ ఉంది. ఏదైనా దిగుమతి వల్ల దేశ భద్రతకు ముప్పు ఉందని తేలితే అధ్యక్షుడు దాని మీద ఆంక్షలు పెట్టవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. దీని కింద 2025 ఏప్రిల్‌లో మధ్యతరహా, భారీ లారీల మీద విచారణ మొదలైంది. అక్టోబర్ 17న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ప్రకటన మీద సంతకం చేశారు. నవంబర్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దానిలోని ముఖ్యాంశాలు ఇవి:

- మధ్యతరహా, భారీ లారీల మీద 25 శాతం సుంకం.
- వాటి విడిభాగాల మీద కూడా 25 శాతం.
- బస్సుల మీద 10 శాతం.
- అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య ఉన్న వాణిజ్య ఒప్పందం షరతులకు సరిపోయే లారీ అయితే, అందులో అమెరికాలో తయారు కాని భాగాల విలువ మీద మాత్రమే సుంకం. ఆ షరతులకు సరిపోయే విడిభాగాలకు, లెక్క కట్టే పద్ధతి తయారయ్యే వరకు మినహాయింపు.
- అమెరికాలోనే లారీలు బిగించే కంపెనీలకు, ఆ లారీల విలువలో 3.75 శాతం మేరకు విడిభాగాల సుంకంలో ఊరట. ఇది 2030 వరకు.

ఈ 3.75 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. లారీ విలువలో 15 శాతం ఉన్న భాగాల మీద 25 శాతం సుంకం వేస్తే సరిగ్గా 3.75 శాతం అవుతుంది. అంటే అంతమేరకు విదేశీ భాగాలు వాడుకున్నా భారం ఉండదన్న మాట.

అమెరికాకు ఇలాంటి లారీలు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది మెక్సికో నుంచి. తర్వాతి ముఖ్య దేశాలలో కెనడా, జపాన్, జర్మనీ, ఫిన్లాండ్ ఉన్నాయి. ఇవన్నీ మిత్ర దేశాలే, వీటితో భద్రతకు ముప్పేమిటని అక్కడి వ్యాపార సంఘమైన యు.ఎస్. చాంబర్ ఆఫ్ కామర్స్ విచారణ సమయంలోనే అభ్యంతరం చెప్పింది.

3. లారీ ఏ దేశానిది?

సుంకం ప్రకటిస్తూ ట్రంప్ పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్, ఫ్రైట్‌లైనర్, మాక్ వంటి అమెరికా లారీ తయారీదారులకు రక్షణ కలుగుతుందని అన్నారు. వీటిలో పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్‌లు పకార్ అనే అమెరికా కంపెనీవి. ఫ్రైట్‌లైనర్ జర్మనీకి చెందిన డైమ్లర్ ట్రక్ కంపెనీది. మాక్ స్వీడన్‌కు చెందిన వోల్వో గ్రూపుది. ఫ్రైట్‌లైనర్ లారీలు అమెరికాలోని నార్త్ కరోలినాలోనూ తయారవుతాయి, మెక్సికోలోనూ తయారవుతాయి. మాక్ పెద్ద లారీలు పెన్సిల్వేనియాలో తయారవుతాయి. అంటే యజమాని విదేశీయుడు, పనివాడు అమెరికన్. ఇంకోచోట పేరు అమెరికాది, బిగించేది మెక్సికోలో, లోపల ఉన్న ఇంజన్ మళ్ళీ అమెరికాదే కావచ్చు.

మన దేశానికి ఇక్కడే సంబంధం కలుస్తుంది. ఆ లారీలకు కావలసిన క్రాంక్‌షాఫ్టులు, ముందు యాక్సిల్ దూలాలు పూణెలోని భారత్ ఫోర్జ్ వంటి సంస్థలు ఎగుమతి చేస్తాయి. ఉక్కును ఎర్రగా కాల్చి, ప్రెస్సు కింద కొట్టి ఆకారం తెచ్చే ఫోర్జింగ్ పని ఇది. అమెరికాలో లారీ అమ్మకాలు తగ్గితే పూణెలో ఆర్డర్లు తగ్గుతాయి. ఐ.టి.ఐ. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ చేసి బయటి రాష్ట్రాల ఫ్యాక్టరీలకు అప్రెంటిస్‌గా వెళ్ళే మన తమ్ముళ్ళకు ఇది దూరపు వార్త కాదు.

4. ఒక చిన్న లెక్క

లెక్క సులువుగా ఉండాలని మెక్సికోలో బిగించిన ఒక లారీ విలువ 1,00,000 డాలర్లు అనుకుందాం. అందులో 40 శాతం విలువ గల భాగాలు అమెరికావి అనుకుందాం. డీలరు కమీషను లాంటివి పక్కన పెడదాం.

సుంకం పడే విలువ: 60,000 డాలర్లు.
దాని మీద 25 శాతం సుంకం: 15,000 డాలర్లు.
మొత్తం కొనేవాడి మీద వేస్తే ధర: 1,15,000 డాలర్లు.

ఇది ఇక్కడితో ఆగదు. అమెరికాలో కొత్త భారీ లారీ మొదటిసారి అమ్మినప్పుడు 12 శాతం కేంద్ర ఎక్సైజు పన్ను ఉంది. సుంకం లేనప్పుడు పన్నుతో కలిపి లారీ ధర 1,12,000 డాలర్లు అయ్యేది. ఇప్పుడు 1,28,800 డాలర్లు. అంటే 15,000 సుంకానికి కొనేవాడి మీద పడినది 16,800. సుంకం మీద కూడా పన్ను పడింది కదా! పన్ను మీద పన్ను పడడం అంటే ఇదే. పరీక్షలో ఉదాహరణ అడిగితే ఇది రాయవచ్చు.

అదే లారీ ఒప్పందం షరతులకు సరిపోకపోతే సుంకం మొత్తం విలువ మీద పడుతుంది. అప్పుడు సుంకమే 25,000 డాలర్లు.

మరి అమెరికాలోనే తయారైన లారీ ధర పెరగదా? దానికీ రెండు కారణాల వల్ల పెరిగే అవకాశం ఉంది. ఒకటి, దానిలోని విదేశీ భాగాల మీద సుంకం, ఉక్కు ధర. ఉక్కు, అల్యూమినియం దిగుమతుల మీద సుంకాన్ని అమెరికా 2025 మార్చిలో 25 శాతం చేసి, జూన్‌లో 50 శాతానికి పెంచింది. లారీ అంటే ముఖ్యంగా ఉక్కు, అల్యూమినియమే. రెండు, పోటీ కంపెనీ లారీ ధర పెరిగినప్పుడు తన ధర కొంత పెంచినా కొనేవాడు వెళ్ళిపోడని స్వదేశీ కంపెనీకి తెలుసు. ఈ రెండో రకం పెంపులో ప్రభుత్వానికి పైసా రాదు. అది కొనేవాడి దగ్గర నుంచి నేరుగా కంపెనీకి పోతుంది.

5. కొనేవాడు ఏం చేస్తాడు?

వందల లారీలున్న పెద్ద కంపెనీ ఒకేసారి పెద్ద ఆర్డరు ఇచ్చి ధర తగ్గించుకోగలదు. ఒకటి రెండు బండ్లు పెట్టుకొని తానే నడుపుకునే ఓనర్ కం డ్రైవర్‌కు ఆ బలం లేదు. అమెరికాలోనైనా, మన ఊళ్ళోనైనా అతని పరిస్థితి ఒక్కటే. కిరాయి అతని చేతిలో ఉండదు, ఫైనాన్స్ కిస్తీ మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి.

అతనికి ఉన్న దారులు ఇవి. కొత్త బండి కొని ఎక్కువ కిస్తీ కట్టడం. కిరాయి పెరగకపోతే ఆ నష్టం అతనిదే. రెండోది, ఉన్న పాత బండినే ఇంకో రెండు మూడేళ్ళు లాగడం. అప్పుడు రిపేరు ఖర్చు పెరుగుతుంది, దానికి కావలసిన విడిభాగాల మీద కూడా సుంకం ఉంది. మూడోది, సెకండ్ హ్యాండ్ బండి కొనడం. అందరూ అదే ఆలోచిస్తే సెకండ్ హ్యాండ్ ధర కూడా పెరుగుతుంది.

ఇలా అందరూ కొనడం వాయిదా వేస్తే ఫ్యాక్టరీలో పని తగ్గుతుంది. 2025 ఏప్రిల్‌లో, అంటే లారీల మీద ఈ సుంకం రాకముందే, వోల్వో గ్రూపు అమెరికాలోని తన మూడు కేంద్రాలలో 550 నుంచి 800 మందిని తొలగిస్తామని ప్రకటించింది. రవాణా కిరాయిలు, గిరాకీ ఎలా ఉంటాయో తెలియకపోవడం, నిబంధనలు మారే అవకాశం, సుంకాల ప్రభావం కారణాలని చెప్పింది. అందులో పెన్సిల్వేనియాలోని మాక్ ఫ్యాక్టరీ కూడా ఉంది. ఇదంతా సుంకాల వల్లనే జరిగిందని రాస్తే తప్పు. అయితే ధర ఎంత ఉంటుందో తెలియనప్పుడు కొనేవాడు ఆగుతాడనీ, అతను ఆగితే రక్షణ పొందవలసిన కార్మికుడి పనికే ముప్పు వస్తుందనీ దీని నుంచి గ్రహించవచ్చు.

6. ఫ్యాక్టరీలు తరలి వస్తాయా? - కోళ్ళ సుంకం కథ

ఈ ప్రశ్నకు అరవై ఏళ్ళ అనుభవం ఒకటి ఉంది. 1962లో ఐరోపా ఆర్థిక సమాజం దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించారు. 1964 జనవరి నుంచి అది అమలయింది. గురి ముఖ్యంగా పశ్చిమ జర్మనీ ఫోక్స్‌వాగన్ బండ్ల మీద. తర్వాతి కాలంలో మిగతా మూడింటి మీద దాన్ని తొలగించారు. ట్రక్కుల మీద మాత్రం చట్టంలో నిలిచిపోయింది. కోడితో మొదలైంది కాబట్టి దీనికి "కోళ్ళ సుంకం" అనే పేరు వచ్చింది.

కంపెనీలు ఏం చేశాయో చూడండి. పూర్తి ట్రక్కు మీద 25 శాతం అయితే, వెనుక బాడీ లేకుండా క్యాబిన్, ఛాసిస్ మాత్రమే వస్తే 4 శాతమే. విజయవాడ ఆటోనగర్‌కు ఛాసిస్ వస్తే అక్కడ బాడీ కట్టడం మనకు తెలిసిందే. అదే పద్ధతిలో ఫోర్డ్, షెవ్రోలె పేర్లతో అమ్మే చిన్న ట్రక్కులు జపాన్ నుంచి ఛాసిస్‌గా వచ్చి అమెరికాలో వెనుక తొట్టి బిగించుకునేవి. 1980లో ఈ దారి మూసేశారు.

ఆ తర్వాత నిజంగానే ఒక ఫ్యాక్టరీ వచ్చింది. జపాన్‌కు చెందిన నిస్సాన్ కంపెనీ టెనెస్సీ రాష్ట్రంలోని స్మిర్నాలో ఫ్యాక్టరీ కట్టి, 1983లో మొదటి బండిగా పికప్ ట్రక్కునే బయటికి తెచ్చింది. సుంకం వల్ల పని వచ్చిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

కానీ వ్యర్థమైన పని కూడా పుట్టింది. మెర్సిడెస్ కంపెనీ జర్మనీలో తయారైన స్ప్రింటర్ వ్యాన్లను అక్కడే మళ్ళీ విప్పి, ఓడలో పంపి, సౌత్ కరోలినాలో తిరిగి బిగించేది. చాలా ఏళ్ళ తర్వాత, 2018లో, అక్కడ పూర్తి స్థాయి ఫ్యాక్టరీ మొదలైంది. ఫోర్డ్ కంపెనీ టర్కీలో చేసిన వ్యాన్లకు వెనుక సీట్లు పెట్టి ప్రయాణికుల బండ్లుగా దిగుమతి చేసి, సుంకం దాటాక ఆ సీట్లు పీకేసేది. ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచి, 2024లో 365 మిలియన్ డాలర్లు కట్టడానికి ఫోర్డ్ ఒప్పుకుంది.

దీన్ని బట్టి సుంకం ఫ్యాక్టరీని తేగలదని తెలుస్తోంది. అయితే అది ఏళ్ళు పట్టే పని. సుంకం నిలుస్తుందని కంపెనీకి నమ్మకం కుదరాలి. లేకపోతే ఫ్యాక్టరీ కట్టడం కన్నా చట్టంలో సందు వెతకడమే చౌకగా కనిపిస్తుంది. 2025 ప్రకటనలో విడిభాగాలను కూడా చేర్చడానికి ఒక కారణం ఇలాంటి సందులు మూయడమే అనుకోవచ్చు. కానీ విడిభాగాల మీద సుంకం వేస్తే స్వదేశంలో బిగించేవాడి ఖర్చు పెరుగుతుంది. అందుకే మళ్ళీ ఆ 3.75 శాతం ఊరట ఇవ్వవలసి వచ్చింది.

7. మన దేశం నేర్చుకున్న పాఠం - జహీరాబాద్

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు విదేశాల నుంచి భాగాలు తెచ్చి మన దేశంలో బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. భాగాలను క్రమంగా ఇక్కడే తయారు చేసే కార్యక్రమం ఉన్నవారికే అనుమతి అన్నది. ఆ రెండు కంపెనీలు తప్పుకున్నాయి. టాటాల టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ ఎదిగింది. రక్షణ వల్ల పరిశ్రమ నిలబడింది. దానికి వెల కూడా ఉంది. ఎంచుకోవడానికి కొద్ది కంపెనీలే ఉండేవి, మోడళ్ళు ఏళ్ళ తరబడి మారేవి కావు.

1980లలో చిన్న లారీల కోసం నాలుగు జపాన్ కంపెనీలకు భాగస్వామ్యం ఇచ్చారు. టయోటా, మజ్దా, మిత్సుబిషి, నిస్సాన్. అందులో నిస్సాన్ మన హైదరాబాద్ ఆల్విన్‌తో కలిసి అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో వచ్చింది. సాంకేతికంగా మంచి బండ్లే. కానీ ముఖ్య భాగాలు జపాన్ నుంచి రావాలి. 1985 తర్వాత జపాన్ కరెన్సీ యెన్ విలువ బాగా పెరిగింది. ఇక్కడ ఎవరూ కొత్త సుంకం వేయలేదు, అయినా సుంకం వేసినట్టే భాగాల ఖర్చు పెరిగిపోయింది. 1986లో టెల్కో తాను సొంతంగా రూపొందించిన టాటా 407ను విడుదల చేసింది. దాని భాగాలు ఇక్కడివే. మిగిలిన కథ మన రోడ్ల మీదే కనిపిస్తుంది. ఆల్విన్ నిస్సాన్ తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. నేడు జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ నడుస్తోంది.

టాటా 407 గెలిచింది సుంకం ఒక్కదాని వల్ల కాదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ పనివాళ్ళు, ఫౌండ్రీలు, చిన్న విడిభాగాల షాపులు తయారై ఉన్నాయి. వాళ్ళు లేకుండా రక్షణ ఇస్తే లాభం పొందేది బిగించేవాడు, నష్టపోయేది కొనేవాడు.

8. మిత్రులకు మనవి

ఇకపై పేపర్లో సుంకం గురించి చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం.

(అ) ఆ వస్తువులోని భాగాలు ఎక్కడివి? పేరును బట్టి, జెండాను బట్టి చెప్పలేం.
(ఆ) కొనేవాడికి వేరే దారి ఉందా? లేకపోతే భారం అతనిదే.
(ఇ) సుంకం ఎంతకాలం ఉంటుందని కంపెనీలు నమ్ముతున్నాయి? ఫ్యాక్టరీ వచ్చేదీ రానిదీ దీని మీదే ఉంటుంది.

సుంకం వల్ల పని దొరికిన కార్మికుడి ఫోటో పేపర్లో వస్తుంది. కిస్తీ కట్టలేక బండి అమ్ముకున్న డ్రైవర్ ఫోటో రాదు. చదువుకున్న మనం ఇద్దరినీ లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఆ ఇద్దరూ ఉన్నారు. సుంకాలన్నీ చెడ్డవని గానీ, మంచివని గానీ ముందే తీర్మానించుకోకుండా, లెక్క వేసి చూసే అలవాటు చేసుకుంటే పరీక్షల్లోనూ, బయటా ఉపయోగపడుతుంది.

సాధన కోసం:
1. పై లెక్కలో అమెరికా భాగాల వాటా 40కి బదులు 70 శాతం అయితే, కొనేవాడి మీద అదనంగా పడే మొత్తం ఎంత? (జవాబు: 8,400 డాలర్లు)
2. "దిగుమతి సుంకం ఆదాయాన్నీ, రక్షణనూ ఒకేసారి పూర్తిగా ఇవ్వలేదు" - చర్చించండి.
3. మీ ఊరిలో ఒక లారీ యజమానిని కలిసి బండి ధర, కిస్తీ, నెల కిరాయి రాబడి అడిగి పట్టిక తయారు చేయండి. బండి ధర 10 శాతం పెరిగితే అతనికి ఎంత మిగులుతుందో లెక్కించండి.

మూడో ప్రశ్నకు జవాబు రాసినవారు సెలవుల తర్వాత స్టడీ అవర్‌లో అందరికీ వినిపించవలసిందిగా కోరుతున్నాం. వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఎకనామిక్స్)